గోటి గీత

తౌనో షెడ్డు తలుపు మూయడు.
బయట మైనస్ పద్దెనిమిది. లోపల ఇనప కుండ.
"చలికి చావవు, పొగకి చస్తావు" అంటాడు
తోలు తొడుగులు నా మీదికి విసిరి.

వేసవిలో షూటింగ్ రేంజి వెనక ఇసుక కట్టని
జల్లెడ పట్టి తెచ్చిన గుళ్ళు, రెండు బకెట్లు.
ముక్కు చితికినవి, పుట్టగొడుగుల్లా విచ్చుకున్నవి,
ఒకదాన్నొకటి గుద్దుకుని కవలలైనవి.
కొన్ని మొన్నటివి. కొన్ని మా తాతల యుద్ధం నాటివి,
ఈ స్ప్రూస్ అడవిలో ఎటునుంచి ఎటు వెళ్ళాయో
వాటికే తెలియదు.
రెండు రాత్రులు పొయ్యి పక్కన ఆరాయి:
అడుగున ఒక్క నీటిచుక్క మిగిలినా
కుండ మన ముఖాన ఉమ్ముతుంది.

"ఇక నిగ్గు తేల్చు" అంటాడు.
ఆయన బళ్ళో అదొక్కటే పాఠం.

ముందు అయస్కాంతం.
కడుపులో ఉక్కున్నవి
పిలవని పేరంటానికి వచ్చినట్టు ఎగిరొచ్చి అతుక్కుంటాయి.
తర్వాత గోరు.
మెత్తని సీసం మీద గీత పడుతుంది,
బెరడు తీసిన పచ్చి కొమ్మ మీద పడ్డట్టు.
పడలేదంటే లోపల అంటిమొని ఉంది.
మా లెక్కల టీచరమ్మ లాంటిది అది,
గదిలో ఓ మూల నిలబడితే చాలు, తరగతంతా నిటారు.

ఆపైన చెవి. గచ్చు మీద జారవిడుస్తాం.
సీసం దబ్బుమంటుంది, మాట పొడిగించదు.
జింకు ఖంగుమంటుంది.
"మోగేదాన్ని పక్కన పెట్టు."
అదొక్క ముక్క కరిగిందా, కుండంతా విరిగిన పాలే.
అచ్చులోకి జారదు, తెట్టుగా తేలదు.
ఒకసారి ముప్పై కిలోలు అలా పాడయ్యాయిట,
గడ్డకట్టిన ఆ కుండే ఇప్పుడు
తలుపు మూసుకోకుండా అడ్డం.

మంట సన్నంగా. సీసం దిగిపోతుంది,
రాగి తొడుగులు పైకొస్తాయి, చిల్లుల గరిటెతో దేవేయాలి.
చిటికెడు తేనెమైనం. పొగ. పొగ కింద అద్దం.
అద్దం మీద నీలం, ఊదా, ఎండుగడ్డి పసుపు
పరుచుకుంటే శుద్ధ సీసం.
తెల్లగానే ఉండిపోతే ఎక్కడో తగరం కలిసింది.

తగరం ఆ రోజే దొరికింది నాకు.
బల్ల కింద కాఫీ డబ్బాలో, మేకుల మధ్య,
అరచేతిలో సగం.
అయస్కాంతం పట్టించుకోలేదు. గీత పడీ పడనట్టు పడింది.
సీసమంత బరువు లేదు.
చెవి దగ్గర పెట్టుకుని కొస వంచాను:
కిర్రుమంది, గట్టి మంచు మీద అడుగేసినట్టు.
"తగరం! ఏడ్చింది!" అని అరిచాను,
అరుస్తూనే కుండలో వేసేశాను.

తగరానికి తొందరెక్కువ. అన్నిటికంటే ముందు కరుగుతుంది.

తౌనో కళ్ళకి ఇప్పుడు మంట తప్ప పెద్దగా ఏదీ ఆనదు.
"ఏ ఆకారంలో ఉంది?"
పడవలా, అన్నాను.
గరిటె ఆగింది.
"ఐనీ కూడా పడవే అంది.
నేను పాత బూటన్నాను."

కొత్త సంవత్సరం రాత్రి తగరం కరిగించి
చన్నీళ్ళలో పోస్తాం ఇక్కడ.
గడ్డకట్టిన దాన్ని దీపానికి అడ్డం పెట్టి
ఆ నీడలో ఏడాదంతా చదువుకుంటాం.
అది ఏ ఏడాదిదో నేనడగలేదు.
గరిటె లాక్కుని కుండంతా వెతకబోయాను.

"ఏం దొరుకుతుందే పిల్లా" అన్నాడు. "కలుపు."
కలిపాను.

ఆ రోజు గుళ్ళు అంచులు తీరి వచ్చాయి,
అచ్చు మూలమూలకీ లోహం పాకింది.
నూట పన్నెండు.
ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తడిమి, బొటనవేలి గోటితో గీసి,
ముడతలున్నాయని ఆరింటిని మళ్ళీ కుండలో వేశాడు.
ఎప్పటిలాగే.
మిగతావి పోయడానికి నేను వేరే డబ్బా వెతికాను.
ఆయన కాఫీ డబ్బాయే ముందుకు తోశాడు.

ఏప్రిల్ ఆదివారాల్లో ఊరివాళ్ళు వాటిని
కాగితపు దుప్పుల మీద కాల్చారు,
ఎక్కువ పక్కకే పోయాయి.
మంచు కరిగి ఇసుక ఆరాక
జల్లెడ, రెండు బకెట్లు పట్టుకుని బయల్దేరాను.
గేటు దగ్గర స్టూలు మీద తౌనో,
నా చేతిని దగ్గరికి లాక్కుని
వేళ్ళ చివర్లు తడిమి,
"గోళ్ళు మళ్ళీ కొరికేశావు" అన్నాడు.