బెల్లం మీద కప్పిన బొమ్మ

తిరుపతి బస్టాండులో దిగితే
అందరూ అడిగేది ఒకటే:
"దర్శనం అయిందా సామీ?"
అయిందంటాను.
గుడిమల్లంలో మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డ
రాతి పాదాల ముందు
పూటంతా కూచుని వచ్చానని చెబితే
జీపు డ్రైవరు మళ్లీ ఎక్కించుకోడు.

సంచిలో మూడు నోటుబుక్కులు, ఒక టార్చిలైటు,
కాళహస్తిలో కొన్న కలంకారీ పేలిక,
దానికింకా పాల వాసన, కరక్కాయ వాసన.
దాని పక్కనే
చిత్తూరు పాత పేపర్ల అంగట్లో
కిలోల లెక్కన తూచి ఇచ్చిన సినిమా పాటల పుస్తకాలు, పదకొండు.
"మిగతా కథ వెండితెరపై చూడుడు."
దేవుళ్లనీ డ్యాన్సర్లనీ
ఒకే సంచిలో కుక్కుతావేమని మా ఆవిడ గొడవ.

బంగారుపాళెం దారిలో టీకి ఆగాను.
గానుగ పక్కన కొత్త బెల్లం దిమ్మెలు,
వాటి మీద ఒక గుడ్డ,
గుడ్డ మీద ఒక కన్ను.

జానెడు కాదు, మూరెడు కన్ను.
కాటుక తోకను చెవిదాకా లాగి
చివర చిన్న మెలిక.
ఆ మెలిక నాకు తెలుసు.
సోంపాళెం గుడి కప్పు మీద చూశానో,
నా సంచిలోని పేలికలోనే చూశానో.
టీ చేతి మీద ఒలికింది.

"టాకీసు మూసేసినబుడు
మా మామ నలభై రూపాయలకు తెచ్చినాడు నైనా,"
గానుగ వల్లెమ్మ చెప్పింది.
"హీరో మొగం ఎనుముల కొట్టంలో చినిగిపాయ.
విలన్ను చెనిక్కాయల మీద కప్పినాం, ఎలకలు కొట్టేసినాయి.
ఈయమ్మ ఒకతే మిగిలింది."

మోకాళ్ల మీద కూచుని అంచు తిప్పాను.
రంగు కింద నీలం గళ్లు.
దారానికి నీలిమందు పూసి
లాగి, టప్పున వదిలిన గీతలు.
చీమల బారొకటి బుగ్గ మీదుగా
పెదవి వైపు పోతోంది, తొందరేం లేకుండా.

మూలన సంతకం:
చెంగల్రాయుడు, చిత్తూరు.
రాయిని చెక్కినవాడు
పేరు చెప్పకుండా పోయాడు.
నాలుగు వారాలాడితే గొప్ప,
ఆ తర్వాత సున్నం కొట్టి ఇంకో మొహం గీసే గుడ్డ మీద
ఈయన పేరు రాసి
కింద ఒక గీత కూడా గీశాడు.

కొత్త టార్పాలిన్ కొనిస్తానన్నాను.
రెండు కొనిస్తానన్నాను.
వల్లెమ్మ మబ్బు కేసి చూసింది.
"దాని కింద చెమటబట్టి బెల్లం కారిపోతాది.
రంగు పగిలిన గుడ్డకైతే గాలాడతాది."
దానికి నా నోటుబుక్కుల్లో జవాబు లేదు.

ఫొటో తీసుకోమంది. తీశాను.
సగం కంటి మీద నా నీడే పడింది.

వచ్చేటప్పుడు ఒక ముక్క కాగితంలో చుట్టిచ్చింది.
తిరుపతి లాడ్జిలో విప్పితే
బెల్లానికి ఒక పక్క నల్లటి పొలుసు.
కాటుకే అయ్యుంటుంది.
నీళ్ల జగ్గు తెచ్చిన కుర్రాడు ఆగి
"ప్రసాదమా సార్?" అన్నాడు.

అవును, తీసుకో అన్నాను,
ఆ నల్ల మూల మాత్రం విరిచి పెట్టుకుని.