వలకన్ను

పది కుర్చీలు గుండ్రంగా వెయ్యమని
శిక్షణలో చెప్పారు. వేశాను.
గ్రిమ్స్‌బీ రేవు వెనక, చర్చి హాల్లో,
ఒక పక్క మాత్రమే వెచ్చబడే హీటరు ముందు
పది కుర్చీలూ ఒకదాన్నొకటి
ఇంటర్వ్యూ చేసుకుంటున్నట్టు కూర్చున్నాయి.

"ఈ వారం ఎలా గడిచింది?"
నా ప్రశ్న నేల మధ్యన పడి
టీ కన్నా ముందే చల్లారింది.
గ్వెండా గడియారంకేసి, హెడ్లీ తన బూట్లకేసి.
గబగబా ఇంకో ప్రశ్న వేశాను.
నిశ్శబ్దమంటే నాకప్పట్లో
పొయ్యి మీద పొంగబోతున్న పాలు.

హెడ్లీ ముప్పై ఏళ్లు చేపల ఓడలో వంటవాడు.
పక్షవాతం మాటలన్నీ ఊడ్చుకుపోతూ
"అదేలే" ఒక్కటి వదిలేసింది.
చక్కెర ఎన్ని చెంచాలంటే, అదేలే.
భార్య ఎలా ఉందంటే, అదేలే,
ఈసారి కాస్త కింది శ్రుతిలో.

నాలుగో బుధవారం మావిస్
సంచీ నిండా పచ్చ తాడు తెచ్చింది.
పదిహేనో ఏట వలలల్లే షెడ్డులో చేరిందట.
ఎవర్నీ అడగలేదు, నన్నసలే.
కుర్చీ వీపుకి ఒక కొస కట్టి
కండె తిప్పడం మొదలెట్టింది.
రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా,
వొయ్‌చెక్ పట్టుకున్నాడు.
గుండ్రం చెదిరింది.
నేను తెచ్చిన రంగు కార్డులు, ఏడుపు మొహం, నవ్వు మొహం,
సంచీలోనే ఉండిపోయాయి.

చేతులకి పని దొరికితే
కళ్ళకి ఒకరినొకరు చూడాల్సిన బాధ తప్పుతుంది.
వొయ్‌చెక్ తలెత్తకుండానే చెప్పాడు,
తమ్ముడికి స్నానం చేయిస్తూ
ఒకసారి చెయ్యెత్తానని.
ఎత్తి, ఆపుకున్నానని.

ఎవరూ అయ్యో అనలేదు.
వాళ్ళింటికి వెళ్ళాలి, ఫారం నింపాలి,
అది నా పనే, మర్నాడు చేశాను.
కానీ ఆ నిమిషం ఫారానిది కాదు.
నాలుక చివరిదాకా వచ్చింది ఓదార్పు.
మావిస్ కండెతో నా మోకాలి మీద
చిన్నగా తట్టింది.
ఆగాను.
పాలు పొంగలేదు.

అప్పుడు హెడ్లీ జరిగి జరిగి దగ్గరకొచ్చి,
వొయ్‌చెక్ వేళ్ళ కింద జారిపోతున్న ముడిని
తన బాగున్న చేత్తో నొక్కిపట్టి
"అదేలే" అన్నాడు.
అంత నిండుగా ఆ మాట
నేనెప్పుడూ వినలేదు.

"కన్ను పెద్దగా ఉంచు," అంటోంది మావిస్
పక్కన గ్వెండాకి అల్లిక నేర్పుతూ,
"మరీ బిగిస్తే నీళ్ళు కూడా ఇరుక్కుంటాయి."
అప్పుడు చూశాను వలని సరిగ్గా:
తాడు కన్నా ఖాళీయే ఎక్కువ.

నెలాఖరు నివేదికలో
'సాధించిన ఫలితం' అన్న గడిలో
నాలుగు గజాలు అని రాశాను.
నాలుగు గజాల ఏమిటని ఆఫీసు నుంచి ఫోను.
ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.
వంటగదిలో హెడ్లీ కప్పులు కడుగుతున్నాడు,
ఒంటిచేత్తో, ఒక్కో కప్పుకీ ఒక యుగం.
నేను సాయం వెళ్ళలేదు.