ముందు కాళ్ళు

మా ఆఫీసులో సస్పెన్షన్ అంటే
మనిషిని ఇంటికి పంపెయ్యడం.
గంగులప్ప షెడ్డులో
నడుం విరక్కుండా ఇంటికి చేర్చడం.
ఈ రెండో అర్థం తెలియడానికి నాకు
నలభయ్యారేళ్ళూ,
విల్సన్ గార్డెన్ పదో క్రాసులో ఒక గుంతా పట్టాయి.

డెబ్భై ఒకటో సంవత్సరపు జావా.
ముందు కాళ్ళు రెండూ నూనె కారుస్తున్నాయి.
బ్రేకు పట్టినప్పుడల్లా కూలబడి
టక్కుమని ఏదో అంటున్నాయి.

"కొత్త జత జె.సి. రోడ్డులో దొరుకుతాదమ్మా,
మధ్యాన్నానికి బిగించిస్తా.
ఇవే కావాలంటావా, నెల పడతాది.
నెలంటే నెలన్నర."

ఇవే కావాలన్నాను.
ఎందుకని అతను అడగలేదు,
అడిగినా చెప్పడానికి నా దగ్గరేం లేదు.
ఆడిటర్‌ని. జెరాక్సు మీద సంతకం పెట్టను,
అసలు కాగితం చూపించమంటాను.
అంతే.

ఆదివారం. షెడ్డు రేకు మీద
వినబడీ వినబడని తుంపర.
పై నట్టు వదులు కాగానే స్ప్రింగు ఊపిరి విడిచింది.
కింద డబ్బా పెడితే నూనె రాలేదు,
ఇత్తడి పొడి కలిసిన బూడిదరంగు గంజి వచ్చింది.
"ఎన్నేండ్లయిందో దీని కడుపు కడిగి!"

కిరసనాయిలుతో తుడిచిన గొట్టాలను
గాజు పలక మీద దొర్లించాడు.
ఒకటి నీళ్ళలా పోయింది.
రెండోదాని కింద సన్నని వెలుగు
కనబడి, మాయమై, మళ్ళీ కనబడింది.
వెంట్రుకవాసి వంకర.
ప్రెస్సు కింద పెట్టి ఒక్క నొక్కు,
తీసి, దొర్లించి, తల అడ్డంగా ఊపి,
మళ్ళీ.
పదిహేడుసార్లు. లెక్కపెట్టాను, నా రోగం అది.

తర్వాత పీణ్యాలో ఫిలోమినా క్రోమ్ షాపు.
తుప్పు తిన్న పాత పొర ఒలిచి, సానబట్టి,
రాత్రంతా తొట్టిలో వేలాడదీసి
కొత్త ఉల్లిపొర తొడగాలి.
ఎక్కువైతే దూరదు, తక్కువైతే ఊగుతుంది.
రసీదులో ఆమె "కాళ్ళు, రెండు" అని రాసింది,
దాని పైవరుసలో ఎవరిదో పిండిమర ఇరుసు.

నెలన్నర, గంగులప్ప లెక్కన నెల, గడిచాక
ఎడమ కాలి బుష్షు చేతిలో పట్టుకుని
నన్ను వెలుతురులోకి పిలిచాడు.
బుష్షు చుట్టూ పల్చటి ఇత్తడి రేకు.
కత్తెరతో కోసి, అంచు అరగదీసి,
అతుకు కలిసే చోట ఏటవాలుగా తెగ్గొట్టి,
ఓపికగా చుట్టిన రేకు.
దాని మీద మేకుతో గీసిన అక్షరం:
తెలుగో కన్నడమో తేలని ఒక "వ",
పక్కన 83.

"ఇది ఒరిజినల్ కాదు గదమ్మా,
నువ్వేమో అసలుదే కావాలంటివి.
పారేసేదా?"

అతని గొంతులో వెటకారం ఉందో లేదో
ఇప్పటికీ తెలియదు.
నేను ఆ "వ"నే చూస్తున్నాను.
వజ్రమునియో, వరదనో, వహీదో.
ఈ ఊళ్ళో ఏదో ఒక గల్లీలో
బల్బు కింద కూచుని
అరిగిన ఖాళీని కళ్ళతో కొలిచి
రేకు కోసినవాడు.

చిట్టా పుస్తకంలో కొట్టివేత పక్కన
పొట్టి సంతకం ఉంటే
ఆ దిద్దుబాటు చెల్లుతుంది.
ఇరవయ్యేళ్ళుగా ఎందరికి చెప్పానో ఈ మాట!

"కొలువు," అన్నాను.
మైక్రోమీటరు తిప్పి, కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
"వాడెవడో గానీ," అని ఆగాడు.
వాక్యం పూర్తి చెయ్యలేదు.
రేకును నూనెలో ముంచి ఎప్పటిలానే చుట్టాడు.

బిగించే ముందు నా వైపు వీపు పెట్టి
మేకుతో ఏదో గీసిన చప్పుడు.
ఏం రాశావని అడగలేదు,
తర్వాత విప్పేవాళ్ళు చూసుకుంటారు.
ఒక్కో కాల్లో నూటయాభై మిల్లీలీటర్ల నూనె,
కొత్త సీళ్ళు, చెప్పినదానికి మూడువందలు ఎక్కువ బిల్లు.

పదో క్రాసులో గుంత ఇంకా ఉంది,
వాననీళ్ళతో ఇంకాస్త పెద్దదైంది.
కావాలనే పోనిచ్చాను.
కాళ్ళు వంగి, తీరిగ్గా లేచాయి.
టక్కు లేదు.

వెనక్కి తిప్పి ఇంకోసారి పోనిచ్చాను.
ఒక్కసారి చూసి నమ్మే ఉద్యోగం కాదు నాది.