మే నెల కోసం

నవంబరు మంగళవారం, రాత్రి ఏడు.
హోయిక్ గ్రంథాలయం మేడ మీద హీటరు వెలిగించాను.
అది వేడెక్కేదాకా అందరూ కోట్లు విప్పరు.
కింద టీవియట్ నది నిండుగా, గొణుక్కుంటూ.

బోర్డు మీద తొమ్మిది మాటలు రాశాను:
కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్.
నలభై ఏళ్ళు మిల్లులో లెక్కలు రాసిన చెయ్యి,
వరసగా రాయడం వచ్చు, విడమర్చడం అంతగా రాదు.
అయినా చెప్పాను:
ఇవి ఒంటరిగా నడవలేవు, ఇంకో క్రియ భుజం కావాలి.
అతనైనా, ఆమె అయినా వీటికి తోక మొలవదు.
షల్ ముసలిదైపోయింది, దాన్ని వదిలేయండి.
మస్ట్‌కి నిన్న అనేది లేదు.
నిన్నతో పని పడితే పక్కింటికెళ్ళి
హ్యాడ్ టు అని చేబదులు తెచ్చుకుంటుంది.

జింత్రా పకపకా నవ్వింది. లాత్వియా మనిషి,
పదకొండేళ్ళుగా ఉన్ని స్వెట్టర్లకు మెడలు కుడుతోంది.
"మా సూపర్‌వైజరూ అంతే.
నోరు తెరిస్తే మస్ట్.
నిన్న చేసిన ఓవర్‌టైము మాత్రం గుర్తుండదు."

హబ్తోమ్ నవ్వలేదు.
కోటు లోపలి జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు,
మడతల దగ్గర పాత చేతిరుమాలంత మెత్తబడింది.
హోం ఆఫీసుది. పోయిన డిసెంబరు తారీఖు.
మూడో పేరాలో పెన్సిలు గీత:
యూ మే హియర్ ఫ్రమ్ అస్.

"మే వచ్చింది, వెళ్ళింది టీచర్," అన్నాడు.
"వాళ్ళు మర్చిపోయారా?"

మే నెలంతా గడప దాటలేదట.
పోస్టుమన్ వచ్చే వేళకి
తలుపు పక్కనే కుర్చీ వేసుకున్నాడట.
ముప్పై ఒక్క రోజులు.
ఆదివారాలు కూడా, ఎందుకైనా మంచిదని.

"ఇది చిన్న ఎమ్ కదా," అన్నాను,
అనగానే నాలుక కరుచుకున్నాను.
"మా లిపిలో చిన్నా పెద్దా లేవు టీచర్," అన్నాడు,
"అక్షరాలన్నీ ఒకటే."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది.
మే అంటే వచ్చు అని.
వచ్చు అంటే, రాకపోవచ్చు అని కూడా.

గుఫ్రాన్ పెన్ను మూత పెట్టింది.
హోమ్స్‌లో మందుల కొట్టు నడిపిన మనిషి,
ఏ మాత్ర ఎంతో తూకం తెలిసిన మనిషి.
"మేము ఇన్షాల్లా అంటాం," అంది,
"అందులో కనీసం దేవుడున్నాడు.
ఇందులో ఎవరున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. పేజీ తిప్పాను.
తర్వాతి అభ్యాసం కుడ్ హావ్, షుడ్ హావ్:
చేసి ఉండగలిగేవాళ్ళం, చేసి ఉండాల్సింది.
గుఫ్రాన్ ఎదురుగా ఆ పాఠం చెప్పలేక
రెండేళ్ళుగా వచ్చే వారం అంటున్నాను.
ఈసారీ అదే అన్నాను.

తొమ్మిదింటికి తాళాల గుత్తి ఊపుకుంటూ
డాడ్ లెయిడ్లా వచ్చాడు, మా వాచ్‌మన్.
హబ్తోమ్ ముఖం చూసి భుజం తట్టి
"యీల్ కెన్ కమ్ బ్యాక్ నెక్స్ట్ వీక్, సన్," అన్నాడు.
విల్, కెన్, రెండూ పక్కపక్కన.
పుస్తకం ఒప్పుకోదు, ఒక ఒరలో రెండు కత్తులంటుంది.
మా అమ్మమ్మ మాత్రం అలాగే మాట్లాడేది,
ఈ లోయలో ఇంకా కొన్ని నోళ్ళు మాట్లాడతాయి.

హబ్తోమ్ నోటుబుక్కులో రాసుకున్నాడు.
"ఇది తప్పా?"
"పరీక్షలో తప్పు," అన్నాను. "ఇక్కడ కాదు."

హీటరు ఆర్పాను. బోర్డు తుడవడం మర్చిపోయాను.
మెట్ల దగ్గర అతన్ని ఆపి అడిగాను:
రేపు పదింటికి ఆ ఉత్తరం తీసుకురా,
ఇద్దరం కూర్చుని వాళ్ళకి ఫోన్ చేద్దాం. షల్ వి?

"అది ముసలిదన్నారు కదా టీచర్."

"ముసలిదే," అన్నాను,
రెయిలింగు పట్టుకుని
ఒక్కో మెట్టూ దిగుతూ.