పసుపుపచ్చ డబ్బా

మా గుడికి గంట లేదు.
బోల్తాపడ్డ లారీ చక్రం తాలూకు ఇనుప వలయమొకటి
మామిడికొమ్మకు వేలాడుతుంది.
ఆదివారం పొద్దున్నే బోల్టుతో దాన్ని కొట్టేది నేనే.
మూడు దెబ్బలు లేవడానికి,
మూడు బయల్దేరడానికి,
ఆఖరి మూడూ ఆలస్యంగా వచ్చేవాళ్లు సిగ్గుపడడానికి.

ఆ ఆదివారం మలావీ సరస్సు మీద
సన్నీగల మబ్బు పొగలా లేచి
తిరిగి నీళ్లమీదికే ఒరిగింది.
దక్షిణం నుంచి పడవల్ని తరిమే మ్వేరా గాలి
ఒడ్డున పడుకుని ఉంది,
పాపం, ఏమీ ఎరగనట్టు.

కృతజ్ఞతార్పణ ఆరాధన.
కర్రపెండలం గంపలు, మొక్కజొన్న కంకులు,
పిల్లాడి గుప్పిట్లో చెమటపట్టిన నాణెం,
కాళ్లు కట్టేసిన కోడి.
అది ప్రార్థన మధ్యలో రెండుసార్లు
ఆమెన్ అన్నట్టే అరిచింది.
నేను తప్ప ఎవరూ నవ్వలేదు.

"సాక్ష్యం చెప్పేవాళ్లుంటే రండి" అన్నాడు సంఘపెద్ద.
మసౌకో లేచాడు.
మా భాషలో ఆ పేరుకు కష్టాలని అర్థం.
వాడు పుట్టిననాడు ఇంట్లో ఏముందో
అదే పేరు పెట్టారు.

పదకొండు రోజుల కిందట
ఇద్దరెక్కిన పడవ నుంచి ఒక్కడే తిరిగొచ్చాడు.
రెండోవాడు లుసుంగు. అంటే దయ.
కష్టాలు గట్టెక్కాయి, దయ మునిగిందని
బోరింగు దగ్గర ఎవరో అన్నారు.
అన్నది నేనే.

మసౌకో నోట్లో మాట సిద్ధంగానే ఉంది,
మా గుడిలో అందరికీ కంఠతా వచ్చిన మాట:
దేవుడు నన్ను కాపాడాడు.
"దేవుడు" దాకా వచ్చాడు.
ఆగిపోయాడు.

మూడో బల్లమీద న్యాగొండ్వే, లుసుంగు తల్లి,
ఒళ్లో గుడ్డను మడతపెట్టి, విప్పి,
మళ్లీ మడతపెడుతోంది.
ఆ రెండో మాట అనేస్తే
ఆమె కొడుకు మాటేమిటి?
ఆ రాత్రి దేవుడేమైనా ఒంటిచేతివాడా?

ఎండకు పైకప్పు రేకులు చిటచిటలాడాయి.
డోలు వాయించేవాడు
చేతులు చంకల్లో దాచుకున్నాడు.
మసౌకో తాను తెచ్చిన చేపల గంప వైపు చూసి
కూర్చోబోయాడు.

న్యాగొండ్వే లేవలేదు. ఉన్నచోటి నుంచే అంది:
"ఆ పసుపుపచ్చ డబ్బా నాది.
వంటనూనె అయిపోయాక కడిగిచ్చాను,
తాగే నీళ్లు పట్టుకెళ్లమని.
నీళ్లు పారబోసి, మూత బిగించి
నీ చేతికిచ్చింది ఎవరు?"

"వాడే."

"ఏమన్నాడు?"

"నీకు ఈత సరిగ్గా రాదు, పట్టుకో అన్నాడు.
తనకి వచ్చు అన్నాడు."

"వచ్చు" అంది ఆమె. "నేనే నేర్పాను."
ఒళ్లోని గుడ్డ ఈసారి మడతపెట్టలేదు.
"అది చెప్పు.
నువ్వు నోరు మూసుకుంటే
నా బిడ్డ చేసిన పని నీళ్లలోనే ఉండిపోతుంది.
వాడు ఎందుకు చేశాడో, ఎవరిని చూసి నేర్చుకున్నాడో
ఈ గుడికి తెలీదా?"

అప్పుడు చెప్పాడు.
చక్కగా చెప్పలేదు. ముందుది వెనకా
వెనకది ముందూ అయిపోయింది.
అల అన్నచోట ఏడ్చాడు,
డబ్బా అన్నచోట చేతులు చాచి
దాని కొలత చూపించాడు,
అప్పుడే పుట్టిన బిడ్డను చూపినట్టు.

ఎవరూ హల్లెలూయ అనలేదు చాలాసేపు.
ఆ నిశ్శబ్దం కూడా
కానుకల పళ్లెంలోనే పడిందనుకుంటా.

ఆరాధన అయ్యాక న్యాగొండ్వే
గంపలోంచి రెండు చేపలు తీసి,
తాజావో కావో వాసన చూసి మరీ
కొంగున కట్టుకుంది.
మసౌకో ఆమె వెనకే నడిచాడు, నాలుగడుగుల దూరంలో.
ఆమె వెనక్కి చూడలేదు.
కానీ నెమ్మదిగా నడిచింది.

బోరింగు దగ్గర నేనన్న మాట
ఆ రోజు లేచి ఒప్పుకోలేదు.
బోల్టు చేతిలో పట్టుకుని
మామిడిచెట్టు కిందే నిలబడ్డాను.

ఇదిగో, ఇప్పుడు లేస్తున్నాను.
దేవా, నీకు స్తోత్రం.
దయ మునగలేదు.