సూదులు పంపు

తొంభైమూడు. డూయిస్‌బుర్గ్‌లో
ఒక ఉక్కు కొలిమి చల్లారింది, ఇంకోటి వంతుకోసం చూస్తోంది.
బొగ్గు వాసన పోని నేలమాళిగలో నలుగురం:
బీటు కట్టే క్వాబెనా;
మీది ఏ దేశమంటే "ఏ ఏడాది లెక్కలో?" అని ఎదురడిగే స్దెన్కా;
తాపీమేస్త్రి కొడుకు రోకో, చేతులకింకా సున్నం;
నేను తుంజాయ్. బడి హాజరుపట్టీలో తుంకాయ్.
పదేళ్ళపాటు తుంకాయ్ కోసం
చెయ్యెత్తాను.

ఆ ఏడు అమ్మ పడగ్గది కిటికీ కింద
తాళ్ళ నిచ్చెన చుట్టి పెట్టింది.
ఎందుకని తమ్ముడు అడగలేదు.
మనబోటి వాళ్ళ ఇళ్ళు కాలడం వాడూ టీవీలో చూశాడు.
ఆ చుట్ట మీదే కూచుని నేను ప్రాసలు వెతుక్కునేవాణ్ణి.

జర్మన్‌లో రాస్తే వ్యాకరణం కుదిరేది,
టర్కిష్‌లో రాస్తే కోపం కుదిరేది.
మా భాషలో క్రియ చివరికి గానీ రాదు.
ఎవరు, ఎవర్ని, ఏ వీధిలో, ఏ వేళప్పుడు
అన్నీ చెప్పాక
కొట్టారో కౌగిలించుకున్నారో
ఊపిరి బిగబట్టి వినాలి.
"ర్యాప్‌కి ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు రోకో
ఒక్క ముక్క అర్థం కాకుండానే.

నాన్న బీరువాలో బూట్ల పెట్టె నిండా కేసెట్లు.
నాయనమ్మకి రాయడం రాదు.
యోజ్‌గాట్ నించి ఉత్తరాలన్నీ గొంతుతోనే వచ్చేవి,
సెలవులకి వెళ్ళొచ్చినవాళ్ళ సంచుల్లో
ఎండు మిరపకాయల ఘాటు పట్టుకుని.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
దాటింది, నిజమే,
శనగల ధరతో, ఈనిన మేకతో, చిన్నాన్న కోర్టు కేసుతో సహా.

కొత్త కేసెట్టుకి డబ్బుల్లేవు.
ఒకటి తీశాను.
దాని మీదే డ్రమ్ములు ఎక్కించాం.
శనగలు పోయాయి, మేక పోయింది.
క్వాబెనా ముందే యంత్రంలో దాచుకున్న నాలుగు సెకన్లు మిగిలాయి:
"మిషను సూదులు పంపు"
దగ్గు
"పద్నాలుగో నంబరువి."

ఇయ్‌నె యొల్లా! ఇయ్‌నె యొల్లా!
యువకేంద్రంలో మూడొందలమంది గెంతుతూ అరిచారు.
గోడలకి చెమటపట్టింది.
ఇది రాజకీయ నినాదమా అని విలేఖరి అడిగాడు.
అవునన్నాను.
అట్టమీద ఒంటె బొమ్మ ఉంటే అమ్ముడుపోతుందన్నాడు
కొలోన్ నించి వచ్చిన కంపెనీ పెద్దమనిషి.
స్దెన్కా అతనికి
జంతుప్రదర్శనశాలకి వెళ్ళే ట్రామ్ నంబరు చెప్పింది.
కంపెనీ సంగతి అక్కడితో సరి.

మార్చిలో నాయనమ్మ పోయింది.
నాన్న పెట్టె దించి ఒక్కొక్కటే వింటున్నాడు.
నాలుగో రోజు మా డ్రమ్ములు వచ్చాయి.

రోలింగ్ మిల్లు ఎడమ చెవిని ఎప్పుడో తినేసింది.
కుడి చెవిని స్పీకరుకి ఆనించి
మొత్తం విన్నాడు, నా బూతులతో సహా.
తిడతాడనుకున్నాను.
"తర్వాత ఏమంది?" అన్నాడు.
తర్వాతేముంది, డ్రమ్ములు.
చాలాసేపటికి, నాకు కాదు, ఆ పెట్టెకి చెప్పినట్టు:
"పంపలేదు నేను. మర్చేపోయాను."

స్దెన్కా ఇప్పుడు జనాల పన్నులు లెక్కేస్తుంది.
రోకో ఫోనెత్తడు.
క్వాబెనా, నేను పెళ్ళిళ్ళకి స్పీకర్లు అద్దెకిస్తాం,
వధువు గౌన్ల దుకాణాలే నిండిన వీధిలో.
పొద్దస్తమానం ఎక్కడో ఓ కుట్టుమిషను నడుస్తుంటుంది.

మొన్న ట్రామ్‌లో ఓ కుర్రాడి ఫోన్లోంచి
ఇయ్‌నె యొల్లా.
మా కాలానికి రెట్టింపు వేగం, కింద ఎవరిదో కొత్త బీటు.
"దీనర్థం ఏంటి తమ్ముడూ?"
"సూదంటే మందు కదా అంకుల్, మత్తుమందు."
"పద్నాలుగో నంబరుది," అన్నాను.
వాడికి వినబడలేదు.

బాగా చేశారు, మాటంటే మాట,
కడిగినట్టుంది గొంతు.
దగ్గు మాత్రం తీసేశారు.