ఏడో గడి

షువైఖ్‌లో పగలు పదకొండుకే
షట్టరు మీద చెయ్యి పెట్టనియ్యదు ఎండ.
ఫారం తీసుకున్నానో లేదో గ్రీజు వేలిముద్ర పడింది,
పేరు రాయకముందే నిశానీ వేసినట్టు.

విడిభాగాల వ్యాపారుల సంఘం.
ఏడాదికి అరవై దీనార్లు, రెండు ఫొటోలు, లైసెన్సు నకలు,
అదే వీధిలో పదేండ్లకు తక్కువ కాకుండా
అంగడి నడుపుతున్న ఇద్దరి హామీ.

"సంఘమెందుకు ఓబులేసన్నా,
మనమేమన్నా ఎలచ్చన్లలో నిలబడతామా?"
కౌంటరు వెనక ఖాజా నవ్వినాడు.
కంటైనరు ఓడరేవులో ఇరవై దినాలు ఇరుక్కున్నప్పుడు
ఒక్కడే పోయి అడిగితే వాకిలి కూడా దాటనియ్యరు రా,
నలుగురు పోతే కుర్చీలేస్తారు.

మొదటి గడి, సంస్థ పేరు.
అది కఫీల్ వాళ్ల తాత పేరు.
కుడి నుంచి ఎడమకి
పందొమ్మిదేండ్లుగా నా నెత్తి మీద వెలుగుతాంది.
రెండో గడి, మొదలుపెట్టిన సంవత్సరం.
ఏది రాయాల?
లైసెన్సు పుట్టిన ఏడా,
ఈ గచ్చు ఊడ్చను నేనొచ్చిన ఏడా,
అకామా నంబరు కంటే ముందు
కొరొల్లా ఆయిల్ ఫిల్టరు నంబరు నోటికొచ్చిన ఏడా?

తక్కినవి తేలిగ్గానే పోయినాయి.
బేరింగులు, బ్రేకు ప్యాడ్లు, ఫ్యాను బెల్టులు,
ఏ బండికీ సరిపోక ఎనిమిదేండ్లుగా
నా మొగమే నాకు చూపిస్తున్న ఒక ఎడమ అద్దం.
ఆరో గడిలో ప్రతినిధి.
బతాకా మీద తప్ప ఈ దేశంలో
ఇంకెక్కడా అచ్చుకాని పేరును
అరలో నట్లు సర్దినట్టు
ఒక్కో అక్షరం ఒక్కో గదిలో పెట్టినా.

ఏడో గడి కాడ పెన్ను నిలబడిపోయింది.
"నకిలీ సరుకు అమ్మలేదు, అమ్మబోను."
అమ్మబోను. ఆ మాట గట్టిగానే చెప్పగలను.

రెండువేల తొమ్మిది, రంజాను నెల.
నీళ్ల ట్యాంకరు తోలే మిస్రీ మనిషి,
పిడికిట్లో చెమటకు నానిన ఐదు దీనార్ల నోటు.
అసలు డబ్బా పద్నాలుగు.
కింది అరలోనుంచి ఇంకొకటి తీసినా,
అదే రంగు, అదే బొమ్మ,
ఒక్క అక్షరం మాత్రం రవ్వంత వంకర.
నీ చేతులు చల్లగుండాలని దీవించి పోయినాడు.
మళ్లీ రాలేదు.
రాకపోయేదానికి వెయ్యి కారణాలుంటాయి.
బండి మారుండొచ్చు, ముదీరు మారుండొచ్చు,
వీసా అయిపోయి ఊరికి పోయుండొచ్చు.
ఆరో రింగురోడ్డు మీద ట్యాంకరు కనపడినప్పుడల్లా
వెయ్యీ ఎంచుకుంటా పోయేవాణ్ని.

వర్గీసు టీ తాగుతా సంతకం గీకేసినాడు, చదవను కూడా లేదు.
రెండో సంతకానికి
పదేండ్లు నిండినోడు వీధిలో ఒక్కడే మిగిలినాడు.
ఎదురంగడి గుల్ జమాన్.
ఒక రేడియేటరు ధర కాడ మాట తెగి పదకొండేండ్లు.
ఆ అట్టపెట్టె ముందు వాని గడపే తొక్కింది.
వాడు వద్దంటేనే రోడ్డు దాటి నాకాడికొచ్చింది.

అద్దాలు తగిలించుకుని
ప్రతి గడి కిందా వేలు పెట్టి చదివినాడు.
ఏడో దాని కాడ వేలు నిలిచింది.
"ఎన్ని మిగిలినాయి?"
పదకొండేండ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట.
"మూడు."
ఎందుకు దాచినావని అడగలేదు.
అమ్మలేక, పారెయ్యలేక అని చెప్పుదామనుకున్నా.
"తీసుకురాపో."

వైసులో బిగించి సుత్తి నా చేతికిచ్చినాడు.
మొదటి దెబ్బకే పుటుక్కున విరిగింది,
ఎండిన పేడపిడకలాగా పొడి రాలింది.
దీని మీద నిలబడాల్సిండె పదివేల లీటర్ల నీళ్లు.
మూడూ పగలగొట్టేదాకా
ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు.

వాడు సంతకం పెట్టినాక
"అమ్మలేదు" మీద నేనొక అడ్డగీత గీసినా.
ఖాజా చూసి, ఫారం పాడైంది అన్నా, ఇంకొకటి తెస్తా అన్నాడు.
వద్దన్నా.
శనివారం కమిటీ కూర్చుంటుంది.
ఆ గీత ఏందని అడుగుతారు.
ఇంకా చెల్లని అరవై దీనార్లు జేబులో పెట్టుకుని
షట్టరు కిందికి లాగినా.
రాత్రైనా చెయ్యి కాలింది.